శిష్యుడిగా చేరదామని వచ్చాడు!

1919. విజయనగరమంతా ఒకటే కబురు. రాజావారు సంగీతం కాలేజీ పెట్టారట! ఆ కబురు విని విశాఖపట్నం నుంచి ఓ యువకుడు దిగాడు. పాతికేళ్లు. చంకలో ఫిడేలు. చూపు అంతంతమాత్రం. పేరు ద్వారం వెంకటస్వామి నాయుడు. అన్నగారు వెంకటకృష్ణయ్య నేర్పిన విద్య ఉంది. అది చాల్లేదు. ఇక్కడ విద్యార్థిగా చేరాలి. అందుకు ఒప్పించాల్సింది ఎవరిని? సాక్షాత్తూ కాలేజీ ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసుని!

దాసుగారంటే మాటలా? అజ్జాడలో పుట్టిన హరికథా పితామహుడు. రెండు చేతులు, రెండు కాళ్లు, తల... ఐదూ ఐదు తాళాలు వేస్తుంటే పైన తాపీగా పాడగల మనిషి. స్వయంగా వాగ్గేయకారుడు. తొంభై రాగాలు గుచ్చి ‘దశవిధ రాగ నవతి కుసుమ మంజరి’ కట్టినవాడు. ఇప్పుడు ఆ చెవుల ముందు తీగ పలకాలి.

గదిలో ఉక్క. ఒళ్లంతా చెమట. యువకుడు నేలమీద కూర్చున్నాడు. ఫిడేలు తల కుడి చీలమండ మీద ఆనించాడు. బిరడా తిప్పాడు. తీగ కిర్రుమంది. శ్రుతి కలిసింది. ఇక కమాను కదలాలి.

అసలు చిక్కు అక్కడే ఉంది. త్యాగయ్య కీర్తననే తీసుకోండి. పైకి తేలిగ్గానే కనపడుతుంది. పల్లవి సాదాగా మొదలవుతుంది. ఆ ఒక్క ముక్కనే మళ్లీ మళ్లీ పట్టుకుని, సంగతి మీద సంగతి వేసుకుంటూ పోతే, మొదట బతిమాలిన మాటే కాసేపటికి నిలదీస్తుంది, అలుగుతుంది, పై షడ్జం అందుకునేసరికి రాముణ్ణి చెయ్యి పట్టుకుని లాగినంత పని చేస్తుంది. త్యాగయ్య మీద జనానికి అంత మోజు ఊరికే పుట్టలేదు. తిరువయ్యారులో కావేరి ఒడ్డున కట్టినా అది తెలుగు. భాష రాని చోట పదం ఎక్కడ విరిచినా చెల్లిపోతుందేమో. విజయనగరంలో చెల్లదు. వినేవాడు ఇంట్లో మాట్లాడే భాష అది. కమానుకేమో నోరు లేదు. అయినా మాట వినపడాలి!

వాయించాడు. దాసుగారు విన్నారు. విద్యార్థిగా చేర్చుకోవడం కుదరదన్నారు.

ఫిడేలు ఆచార్యుడిగా వేశారు!

నేర్చుకోవడానికి వచ్చినవాడు పాఠం చెప్పడానికి కూర్చున్నాడు. 1936లో దాసుగారి తర్వాత ప్రిన్సిపాల్ అయింది కూడా నాయుడుగారే. 1941లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ ఆయనకు సంగీత కళానిధి బిరుదు ఇచ్చింది. పక్కవాద్యంగా ఉన్న ఫిడేలుకు సొంతంగా కచేరీ చేసే హోదా తెచ్చినవాళ్లలో ముందు చెప్పుకోవాల్సిన పేరు ఆయనదే. తర్వాత ఘంటసాల, సుశీల చదువుకున్నది కూడా ఆ కాలేజీలోనే.

ద్వారంవారి పాత రికార్డు దొరికితే, మీకు కంఠతా వచ్చిన త్యాగరాజ కీర్తన ఏదైనా ఉందేమో చూసి పెట్టండి. పాడే గొంతు లేకపోయినా సాహిత్యం వినపడుతుంది.