మార్మాహీ: పామా, చేపా?

ఈల్ చేపను ఫార్సీలో మార్మాహీ అంటారు. మార్ అంటే పాము, మాహీ అంటే చేప. ఉర్దూలో బామ్ మచ్లీ. తెలుగులో మలుగు, మలుగుపాము. ఆకారం చూసి జనం పాము పేరు తగిలించారు గానీ అది మొప్పలున్న అసలు సిసలు చేప.

మా చిట్యాల నుంచి జపాన్‌కు కొలువుకు పోయిన పిలగాడు ఒకడు ఫోన్ చేసి, "భాయ్‌జాన్, ఆఫీసోళ్లు ఉనాగి హోటల్‌కు తీస్కపోతమంటున్నరు. చూస్తే పాములెక్కనే ఉన్నది. మనకు జాయజేనా?" అని అడిగిండు. ఉనాగి అంటే మంచినీటి ఈల్. దాన్ని చీల్చి, పుల్లలు గుచ్చి, బొగ్గుల మీద కాల్చి, వేడి అన్నం మీద పరుస్తారు. తరతరాలుగా ఆ ఒక్క వంటతోనే బతికే హోటళ్లు అక్కడ ఉన్నాయి.

ఈ మస్‌అలా పాతదే. హనఫీ ఫిఖ్ ప్రకారం నీటి జీవాల్లో చేప ఒక్కటే హలాల్. మరి పాము రూపంలో ఉన్న చేప సంగతి? 1197లో ఇంతెఖాల్ అయిన బుర్హానుద్దీన్ మర్ఘీనానీ, సముద్రానికి ఎంతో దూరమైన ఫర్గానా లోయ మనిషి, తన 'హిదాయా'లో జిర్రీస్, మార్మాహీ అని పేర్లు పెట్టి మరీ రాశాడు: తినడంలో హర్జ్ లేదు, జబహ్ కూడా అక్కర్లేదు. పేరు పెట్టి చెప్పాల్సి వచ్చిందంటే అప్పటి జనానికి కూడా షక్ ఉన్నట్టే కదా! షియా ఫిఖ్‌లోనైతే పొలుసు లేని చేప మనా.

అంటే చేపతో పేచీ లేదు. చిక్కంతా పైన పూసే రసంతోనే. సోయా, చక్కెరతో పాటు అందులో మిరిన్ పడుతుంది. బియ్యంతో చేసే ఆ తీపి ద్రవంలో దాదాపు 14 శాతం ఆల్కహాల్. పొయ్యి మీద ఎగిరిపోతుంది కదా అనే దలీల్‌ను చాలామంది ముఫ్తీలు ఒప్పుకోరు. రసం పూయకుండా కాల్చే షిరాయకి అనే రకం ఉంది, అది అడుగు, సాకె చల్లారేమో కూడా కనుక్కో అని చెప్పాను. దావత్‌లో ఇన్ని సవాళ్లు అడగాలంటే పిలగాడికి షరమే.

జపాన్‌లో ఈ చేప షౌక్ చాలా పాతది. ఎండాకాలం నీరసానికి ఈల్ మంచిదన్న మాట 8వ శతాబ్దపు కవిత్వ సంకలనం 'మన్యోషూ'లోనే ఉంది. టోక్యోలో దాన్ని వీపు వైపు చీల్చి, ఆవిరి పట్టి కాలుస్తారు. ఒసాకా వైపు పొట్ట చీల్చి నేరుగా కాలుస్తారు. పొట్ట కోసుకోవడం సమురాయ్‌ల ఖుద్‌కుషీ రివాజు గనుక వాళ్ల షహర్‌లో వీపు కోత వచ్చిందని ఒక కిస్సా. నిజమో కాదో గానీ మజాగా ఉంది.

మన రియాసత్‌కు జపాన్ పరాయిది కాదు. సర్ సయ్యద్ మనవడు, హైదరాబాద్ విద్యాశాఖ అధికారి రాస్ మసూద్ 1922లో అక్కడికి వెళ్లాడు. సొంత జబాన్‌లో సైన్సు ఎలా నేర్పుతున్నారో చూసి వచ్చి కితాబ్ రాశాడు. ఉస్మానియాలో ఉర్దూలో చదువు చెప్పే తజుర్బా నడుస్తున్న రోజులవి. ఉర్దూ మీడియంలో చదివిన నేను ఆయన పేరును అదబ్‌తోనే తలుచుకుంటాను.

జపాన్ ఈల్ పసిఫిక్‌లో మరియానా దీవుల పడమట గుడ్లు పెడుతుంది. పిల్లలు అక్కడి నుంచి నదులకు వస్తాయి. ఆ పిల్లల్ని పట్టే చెరువుల్లో పెంచుతారు. పట్టీ పట్టీ తగ్గిపోవడంతో 2014లో ఐయూసీఎన్ దాన్ని ప్రమాదంలో ఉన్న జాతుల్లో చేర్చింది.

మన మలుగు బతుకూ ఇంతే. సముద్రంలో పుట్టి నదిలో పెరిగే చేప. చిట్యాలకు ఉత్తరాన వలిగొండ మీదుగా పారే మూసీలోకి అది రావాలంటే బంగాళాఖాతం నుంచి కృష్ణలో ఎదురెక్కి, వాడపల్లి దగ్గర మూసీలోకి మళ్లాలి. 1855లో విజయవాడ దగ్గర ఆనకట్ట లేచింది. ఈల్ పిల్లలు తడి గోడలు కూడా పాకగలవు గానీ గోడకూ ఒక హద్దుంటుంది. 1963లో సూర్యాపేట దగ్గర మూసీ ప్రాజెక్టు, 2013లో పులిచింతల. పైనుంచేమో షహర్ మురికి. చిట్యాలలో ఇప్పుడు బామ్ అంటే చెరువుల్లో దొరికే బొమ్మిడాయే. అది సముద్రం ముఖం ఎరుగని వేరే జాతి. పులుసు మాత్రం లాజవాబ్.