గట్క కుండ

పోయిన జూలై 4న, దొడ్డి కొమరయ్య వర్ధంతి సభ ముగిసిన తరువాత, ముప్పైమంది విద్యార్థులకు నల్లగొండలోని మా ఇంట్లో గట్క వండిపెట్టాను. కిరాయికి తెచ్చిన పెద్ద బగోనె, పెరట్లో మూడు రాళ్ళ పొయ్యి, నాలుగు కిలోల జొన్నలు, బుట్టెడు బెండకాయలు. ఇంత చిన్న సంగతిని విమర్శ వ్యాసాలకు కేటాయించిన పత్రికలో రాయడం కొందరికి ఎబ్బెట్టుగా తోచవచ్చు. కాని ఆనాడు ఆ పొయ్యి చుట్టూ జరిగిన వాదం, నేను తరగతిలో పదేండ్లుగా చెబుతున్న పాఠాలకంటే నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది. అందుకని రాస్తున్నాను.

వాదానికి కారణం ఒక విద్యార్థి అన్న మాట. "సార్, మన పూర్వులు ఇది తిన్నరు కాబట్టే అంత బలంగ వున్నరు. మనం తెల్లబియ్యానికి అలవాటుపడి పాడైపోయినం." ఈ మాట అతనిది కాదు, గాలిలో వున్న మాట. మన ప్రభుత్వ ప్రతిపాదన మీద ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించిన నాటినుండి జొన్న గౌరవం పెరిగింది. గ్రామంలో అమ్ముకోలేని జొన్న పట్నంలో అట్టపెట్టెలో చేరి బియ్యంకంటే ఎక్కువ ధర పలుకుతున్నది. పెట్టెమీద నాగలి పట్టిన రైతు బొమ్మ, పక్కన "మన సంప్రదాయం" అనే అక్షరాలు. ఏ సంప్రదాయం, ఎవరి సంప్రదాయం అని అడిగేవాడు లేడు.

మన కావ్యాలను అడిగితే కొంత సమాధానం దొరుకుతుంది, అదీ వంకరగా. శ్రీనాథుని పేరున ప్రచారంలో వున్న చాటువులలో పల్నాటి జొన్నకూటిని వెక్కిరించినవి వున్నాయి. రాజాస్థానాల సన్నబియ్యానికి అలవాటుపడిన నాలుకకు ఆ సీమ దుర్భరమైంది. తరతరాలుగా మనం ఆ చాటువులను హాస్యంగా చదువుకొని నవ్వుకున్నాం. రోజూ ఆ కూడే తిన్న పల్నాటివాడు ఏమనుకొని వుంటాడో ఏ వ్యాఖ్యాతకూ తట్టలేదు. ఆముక్తమాల్యదలో కృష్ణదేవరాయలు మరొక పని చేశాడు. వానకాలంలో చేనుకాపుల తిండిని వర్ణిస్తూ అడవి ఆకుకూరలు, చింతచిగురు, ఆరికన్నం ఒక పద్యంలో కూర్చాడు. చక్రవర్తికి ఆరికన్నం కంటబడడం మెచ్చదగినదే. అయితే ఆ పద్యంలోని రైతు తృప్తిగా తిని చలి కాచుకుంటున్నాడు, పన్ను కడుతున్నట్టు లేదు. ఇటువంటి పద్యాలనుండి చరిత్రను పిండిన ఘనత మన పాలమూరు జిల్లావాడైన సురవరం ప్రతాపరెడ్డిగారిది. 1949లో వచ్చి, 1955లో సాహిత్య అకాడమీ బహుమతి పొందిన తొలి తెలుగు గ్రంథమైన "ఆంధ్రుల సాంఘిక చరిత్ర" లేకపోతే నావంటి తెలుగు మేష్టరుకు కావ్యంలో వంటిల్లు కనిపించేదే కాదు. కాని ఆయనకు సైతం ఆధారం కావ్యమే. కావ్యం చూడనిచోటికి ఆ దీపం వెలుగు అంతగా పడదు. గట్క కుండ ఆ చీకటిలోనే వుండిపోయింది.

గట్క ఎట్లా చేస్తారో తెలియని కోస్తా మిత్రులకోసం కొంచెం చెప్పాలి. జొన్నలను తడిపి రోట్లో దంచి, పొట్టు చెరిగి, రవ్వ వేరు, పిండి వేరు చేస్తారు. నేను గిర్నీలో పట్టించాను, కనుక పనిలో ముప్పాతికభాగం నాకు తప్పిపోయింది. ఎసరు మరిగిన తరువాత ఒక చేత్తో రవ్వ జల్లుతూ రెండవ చేత్తో తెడ్డు తిప్పుతూనే వుండాలి. చేయి ఆగితే వుండలు కడుతుంది. రవ్వ ఉడికినాక పిండిని నీళ్ళలో కలిపి పోసి, మంట తగ్గించి ఉమ్మగిలనివ్వాలి. నాలుగు కిలోల రవ్వకు పదిహేను లీటర్ల దాకా నీళ్ళు పట్టాయి. గట్టిపడుతున్న కొద్దీ తెడ్డు బరువెక్కుతుంది. బలమైన పిల్లలు నలుగురు వంతులవారీగా తిప్పి చేతులు పడిపోయాయన్నారు. ఈ పని, దీనికి ముందు దంపుడు, దానికి ముందు నీళ్ళు మోయడం, కట్టెలు తేవడం రోజూ చేసినది ఎవరు? పూర్వుల బలం గురించి మాట్లాడేవాళ్ళు ముందు పూర్వురాండ్ర భుజాల గురించి మాట్లాడాలి.

ఇక నిజాం కాలపు నల్లగొండలో ఆ జొన్నలు ఇంటికి వచ్చిన దారి చూడండి. పండినవాటిలో దొర భాగం పోయేది. వానకాలం ముందర గాదె ఖాళీ అయితే తిండిగింజలు "నాగు"కు తెచ్చుకోవాలి. ఒకటికి ఒకటిన్నర కొలిచి తీర్చాలి. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో లెవీ వచ్చి మీదపడింది. పెద్ద భూస్వామి లెక్కలు మార్చి తప్పించుకుంటే, చిన్నరైతు ఇంట్లో తిండికి దాచిన గింజలు కూడా కొలిపించుకుపోయారు. కుండకు కూడా వెట్టి వుంది: కుమ్మరి దొర గడికీ, మకాం వేసిన అధికారులకూ కుండలు ఊరికే ఇవ్వాలి. కుండా దొరదే, గింజా దొరదే అయిన వూళ్ళో గట్కను "సంప్రదాయ ఆహారం" అనడంలో కొంత క్రూరత్వం వుంది. 1946 జూలై 4న, అప్పటి నల్లగొండ జిల్లాలోని కడివెండిలో, విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల కాల్పులలో కొమరయ్య మరణించడానికి ముందే, పాలకుర్తిలో చాకలి ఐలమ్మ పంటను సంఘం కార్యకర్తలు కోసి ఆమె ఇంటికి చేర్చారు. మన పోరాట చరిత్రలలో భూమి మాట ముందు వస్తుంది, అది న్యాయమే. కాని ఆ భూమి మీది గింజ ఎవరి కుండలోకి పోవాలన్నదే మొదటి తగాదా.

1951 అక్టోబరు దాకా సాగిన ఆ పోరాటంలో దళాలు తిన్న తిండి సంగతి మన గ్రంథాలలో రెండు మూడు మాటలతో తేలిపోతుంది: "ప్రజలు అన్నం పెట్టారు." ప్రజలు అంటే ఎవరు? అర్ధరాత్రి పొగ కనపడకుండా పొయ్యి వెలిగించిన మనిషి ఎవరు? 1986లో స్త్రీశక్తి సంఘటన వారు "మనకు తెలియని మన చరిత్ర" వేసేదాకా ఆ మనుషులు నోరు విప్పి చెప్పుకునే వీలు మన సాహిత్యంలో కలగలేదు. అభ్యుదయ రచయితలమైన మనకు ఇది సిగ్గుపడవలసిన విషయం. తుపాకి మీద కవిత్వం కొండంత రాశాం. తెడ్డు మీద రాయలేదు.

బెండకాయ పులుసే ఎందుకు చేశారని ఒక విద్యార్థిని అడిగింది. దానికి కారణం వేల మైళ్ళ దూరాన వుంది. అమెరికాలోని లూసియానాలో "గంబో" అనే పులుసు పెద్ద కుండలో వండుతారు. ఆఫ్రికాలోని బంటూ భాషలలో బెండకాయకు వున్న పేరునుండే ఆ మాట వచ్చిందని పలువురు పండితుల అభిప్రాయం. బానిసలుగా పట్టుకుపోయిన ఆఫ్రికన్లు బెండను అక్కడికి తీసుకుపోయారు. చాక్టా అనే ఆదివాసులు సాసఫ్రాస్ ఆకుపొడిని చిక్కదనానికి ఇచ్చారు. ఫ్రెంచివారి నుండి పిండిని కొవ్వులో ఎర్రగా వేయించే పద్ధతి కలిసింది. రొయ్యలో, పీతలో, కోడిమాంసమో దొరికింది వేసి, వరి అన్నం మీద పోసుకుంటారు. 1764లో న్యూ ఆర్లియన్సులో బానిసలను విచారించిన కోర్టు కాగితాలలోనే ఆ మాట కనిపిస్తున్నది. అంటే ఆ వంట చరిత్రకెక్కింది వంటల పుస్తకం ద్వారా కాదు, శిక్షల పుస్తకం ద్వారా. ఇరవయ్యవ శతాబ్దంలో అదే నగరంలో లియా చేజ్ అనే నల్లజాతి మహిళ తన భోజనశాల మేడమీద గదిలో పౌరహక్కుల ఉద్యమకారులకు గంబో వడ్డించేది. తెల్లవారూ నల్లవారూ ఒక బల్ల దగ్గర కూర్చోవడమే చట్టవిరుద్ధమైన రోజులవి. మన దళాలకు కూడు పెట్టిన తల్లులతో ఆమెకు పరిచయం లేదు. బంధుత్వం మాత్రం వుందని నేను అంటాను.

వంటలో ఒక తేడా కూడా చెప్పుకోదగ్గది. వాళ్ళు బెండ జిగురును పులుసు చిక్కబడడానికి వాడుకుంటారు, మనం చింతపండు పోసి జిగురును విరగ్గొడతాం. మా పిల్లలలో సగంమంది ఇంకా జిగురుగానే వుందన్నారు. తప్పు నాది, చింతపండు ఆలస్యంగా పోశాను.

జొన్న కూడా ఆఫ్రికాదే. సూడాన్ ప్రాంతంలో మచ్చికైన ఆ పైరు క్రీస్తుకు పూర్వం రెండవ సహస్రాబ్దిలో మన దేశం చేరింది. అమెరికాకు దాన్ని మొదట చేర్చినవి బానిస ఓడలు. 1954 నాటి పి.ఎల్. 480 చట్టం కింద మనకు వచ్చిన అమెరికా ధాన్యంలో గోధుమతోపాటు మైలో అనే జొన్న కూడా వుంది. 1966 ఒక్క ఏటనే కోటి టన్నుల దాకా ధాన్యం దిగుమతి చేసుకున్నాం. ఆఫ్రికా గింజ బానిసల వెంట సముద్రం దాటి, అమెరికా పెట్టుబడిదారు చేతిలో పెరిగి, మనకు దయాధర్మంగా తిరిగివచ్చింది. ఇంకా స్వచ్ఛమైన స్వదేశీ ధాన్యమంటూ అట్టపెట్టె మీద అచ్చు వేస్తే నవ్వక ఏం చేస్తాం?

"బలం" సంగతి మిగిలింది. 1960లో హైదరాబాదులోని పోషకాహార పరిశోధనశాలలో — తరువాత అదే జాతీయ పోషకాహార సంస్థ అయింది — గోపాలన్, శ్రీకాంతయ్య అనే శాస్త్రజ్ఞులు పెల్లాగ్రా వ్యాధి గురించి ఒక సంగతి ప్రకటించారు. ఎండ తగిలిన చర్మం నల్లబడి పగులుతుంది, విరేచనాలు పట్టుకుంటాయి, ముదిరితే మతి చెడుతుంది. దక్కను పీఠభూమిలో ఈ జబ్బుతో వచ్చినవాళ్ళు జొన్నమీదనే బతికే నిరుపేదలు. జొన్నలో లూసిన్ అనే పదార్థం ఎక్కువ కావడం కారణమని వారి సిద్ధాంతం. తరువాత దానిమీద శాస్త్రజ్ఞులలో వాదోపవాదాలు జరిగాయి. నల్లగొండ జిల్లాకు మరొక పీడ కూడా వుంది. ఫ్లోరిన్ నీళ్ళు తాగే గ్రామాలలో పిల్లల మోకాళ్ళు లోపలికి ఒరిగిపోవడాన్ని 1973లో ఆ సంస్థవారే వర్ణించారు. జొన్న తిండిలో ఫ్లోరిన్ ఒంట్లో ఎక్కువగా నిలుస్తుందని ఆ తరువాత చేసిన పరీక్షలలో తోచింది. గంబో పుట్టిన అమెరికా దక్షిణాదిలో కూడా పెల్లాగ్రా వుండేది. అక్కడ మొక్కజొన్న తిన్న పేదలకు. 1914 మొదలు గోల్డ్‌బర్గర్ అనే వైద్యుడు అది క్రిమివల్ల వచ్చే రోగం కాదనీ, పేదతిండి వల్ల వచ్చేదనీ రుజువు చేస్తే, ఆ ప్రాంతపు పెద్దమనుషులు తమ పరువు తీశాడని మండిపడ్డారు.

తప్పు జొన్నది కాదు. పప్పు, పాలు, కూర, మాంసం తోడైతే అది మంచి ధాన్యమే. మధుమేహం వున్న మా తోటి అధ్యాపకుడు రాత్రి రొట్టె తింటే నాకు అభ్యంతరం లేదు. ఆయన పక్కన పప్పుగిన్నె వుంటుంది, పెరుగు వుంటుంది. గట్కలోకి ఉప్పు, పచ్చిపులుసు తప్ప మరేమీ లేని మనిషిని ఆయనకు పూర్వుడిగా చూపించి, ఇద్దరిదీ ఒకే భోజనం అనడమే మోసం.

మా అవ్వకు ఎనభై దాటాయి. దేవరకొండ వైపు మెట్టపల్లెలో పుట్టింది. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగర్‌కు పద్దెనిమిదేండ్ల వయసున మట్టి మోయడానికి పోయింది. పాలమూరు కూలీలు కూడా గుంపులు గుంపులుగా అక్కడికి వచ్చేవారట; ఆ తరువాత దేశంలో ఎన్నో ఆనకట్టలకు మేస్త్రీల వెంట అడ్వాన్సులు తీసుకొని పోయింది వాళ్ళే. వలసకూలీలకోసం 1979లో చట్టం వచ్చింది, దాని పేరు విన్న పాలమూరు కూలీని నేను చూడలేదు. అవ్వ వున్న గుంపుకు ఒకే కుండ. పగలంతా తట్ట మోసి, రాత్రి ఆడవాళ్ళే గట్క తిప్పేవారు. మేస్త్రికి ముందు, మగవాళ్ళకు తరువాత, పిల్లలకు ఆపైన. అడుగున అంటిన మాడు వండినవాళ్ళకు. 1967 ఆగస్టులో కాలువలకు నీళ్ళు వదిలారు. ఎడమకాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వరిసీమలయ్యాయి. అవ్వ పుట్టిన వూరికి ఆ నీళ్ళు రాలేదు. వరన్నం వాళ్ళ ఇంటికి రోజూ వచ్చింది కాలువలో కాదు, 1983లో రెండు రూపాయల కిలో బియ్యం సంచిలో. ఆ పథకం మీద ఆర్థికవేత్తలు చాలా రాశారు, ఓట్లకోసమనీ, ఖజానా గుల్ల అనీ. అవ్వ ఆ సంచిని మొదటిరోజు దేవుడి గూటి కింద పెట్టిందట. జొన్నను ఆమె మరచిపోలేదు. దానినుండి తప్పించుకొని బయటపడింది. మన వ్యాసకర్తలు "మరుగునపడిన ఆహారం" అని బాధపడేటప్పుడు ఈ తేడాను గమనించడం లేదు.

ఆ రోజు ఆమె అరుగుమీద కూర్చొని పిల్లలకు తెడ్డు పట్టే తీరు చెబుతూనే వుంది. నా వంటను చూసి రెండుసార్లు నవ్వింది. వడ్డనకు వేళయితే మొదటి ముద్ద ఆమెకు పెట్టాలని, పూర్వుల బలం గురించి మాట్లాడిన ఆ కుర్రవాడే పళ్ళెం పట్టుకుపోయాడు. ఆమె పళ్ళెం వంక చూసి, "నేను తిన్నది సాలదా బిడ్డా? నాకింత బువ్వ పెట్టు," అన్నది.

2025 ఉగాదినాడు హుజూర్‌నగర్‌లో ప్రారంభమైన సన్నబియ్యం పథకం కింద మనిషికి ఆరు కిలోల చొప్పున వస్తున్నవి మా ఊరి ఇంట్లో కూడా వున్నాయి. అవ్వ తన వంతు మూట కట్టుకొని వచ్చింది. వాటినే వండి, బెండకాయ పులుసు పోసి పెట్టాను. కుర్రవాడు ఆమె పక్కనే కూర్చొని గట్క తిన్నాడు. సాగర్‌లో రోజుకు ఎంత కూలి ఇచ్చేవారు, మేస్త్రి ఎంత పట్టుకునేవాడు అని అడుగుతూ నోటుపుస్తకం తీశాడు. గట్క ఇంకా సగం బగోనె మిగిలింది. తెల్లవారి నీళ్ళు పోసి నానిన ముద్దను మజ్జిగలో పిసికి, ఉల్లిగడ్డతో తిని నేను కాలేజీకి పోయాను. బగోనె తోముతూ అవ్వ, అడుగు మాడ్చినందుకు నన్ను ఇంకా తిడుతూనే వుంది.