ఎన్నో తరం దాకా మనవాళ్లం?

నేను తెలుగు రాయడం, చదవడం సాయంత్రపు తరగతిలో నేర్చుకున్నదాన్ని. తప్పులుంటే పెద్దలు మన్నించాలి. మా తరగతిలో నా పక్కన కూర్చునే కుర్రవాడు ఒకనాడు అడిగాడు: "అమ్మమ్మగారూ! మీ తాతగారు ఫిజీ వెళ్లారు, మీరు అమెరికా వచ్చారు. ఇండియా లెక్కలో మీరెవరు?" జవాబు కోసం చరిత్ర తిరగవేశాను.

ముందు ఈ దేశం సంగతి. 1923 ఫిబ్రవరిలో భగత్ సింగ్ థిండ్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు భారతీయులు పౌరసత్వానికి అర్హులు కారని తీర్పు చెప్పింది. అదే ఏడాది అక్టోబరులో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు బోస్టన్‌లో దిగారు. 1946లో చట్టం మారింది. 1948లో ఆయన అమెరికా పౌరుడు కాకుండానే కన్నుమూశారు.

భారత రాజ్యాంగం విదేశాలలోని మనవాళ్లను మరచిపోలేదు. తల్లిదండ్రులలో గాని, తాత అమ్మమ్మ నానమ్మలలో గాని ఒక్కరు భారతదేశంలో పుట్టి ఉంటే పౌరులుగా నమోదు కావచ్చునని 8వ అధికరణం చెప్పింది. కాని ఇష్టపూర్వకంగా పరదేశ పౌరసత్వం పుచ్చుకున్నవారు భారత పౌరులు కారని 9వ అధికరణం చెప్పింది. 1955 పౌరసత్వ చట్టం కూడా అదే బాట పట్టింది. 2002లో సింఘ్వీ కమిటీ ద్వంద్వ పౌరసత్వం ఇమ్మని సిఫారసు చేసింది. చివరకు వచ్చింది ఓ.సి.ఐ. కార్డు. పేరులో పౌరసత్వం ఉన్నది గాని ఓటు లేదు, పొలం కొనే హక్కు లేదు.

ఆ కార్డు విలువ ఎంత అన్నదే నేటి వాదం. 2021 మార్చి ఉత్తర్వు ఓ.సి.ఐ. విద్యార్థులను ఎన్.ఆర్.ఐ. సీట్లకే పరిమితం చేసింది. అంతకుముందే కార్డు పొందినవారికి ఆ నిబంధన వర్తించదని 2023 ఫిబ్రవరిలో భారత సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. వేములవాడ నుంచి పలుమార్లు శాసనసభకు ఎన్నికైన చెన్నమనేని రమేష్ గారు జర్మనీ పౌరుడేనని 2024 డిసెంబరులో తెలంగాణ హైకోర్టు తేల్చింది.

ఇక మా ఇంటి సంగతి. మా తాతగారు 1911లో విశాఖపట్నం జిల్లా నుంచి బయలుదేరి మద్రాసు రేవులో ఓడ ఎక్కారు. గిర్మిట్ కూలీగా వెళ్లారు. ఆయన పాసు మీద తండ్రి పేరు, ఊరు, ఎత్తు, ఒంటిమీది మచ్చ అన్నీ ఉన్నాయి. ఊరి పేరు మాత్రం గుమాస్తా తన చెవికి తోచినట్లు రాశాడు. అందుకని నా దరఖాస్తు రెండుసార్లు వెనక్కి వచ్చింది. మూడోసారి అందింది.

చట్టం 2015 నుంచి మునిమనుమల దాకా ఒప్పుకుంటుంది. అంటే మా అబ్బాయి దాకా. వాడి పిల్లలకు మైనర్లుగా ఉన్నంతవరకే ఆ దారి. ఆ తరువాత గీత. అయితే సురినామ్‌లో ఆరవ తరానికి (2023), మారిషస్‌లో ఏడవ తరానికి (2024), ట్రినిడాడ్‌లో ఆరవ తరానికి (2025) కార్డు ఇస్తామని భారతదేశం ప్రకటించింది. సంతోషమే. కాని ఒకే కష్టానికి ఓడ ఎక్కినవారి సంతానానికి దేశానికొక లెక్క ఎందుకు? గిర్మిట్ బిడ్డలందరికీ ఒకటే లెక్క ఉండాలని నా మనవి.

ఆ కుర్రవాడికి ఇలా చెప్పాను: "కాగితం లెక్కలో నేను మనుమరాలిని, నాయనా. భాష లెక్కలో మాత్రం ఇంకా ఒకటవ తరగతే."

మీ పెట్టెల్లో ఉన్న పాత కాగితాలను పారవేయకండి. పిల్లలకు ఊరి పేరు చెప్పండి, తెలుగులో రాయించండి.