ఇస్లాంలో గురుధర్మం: పిఠాపురం ఉదాహరణ

మన అభ్యుదయ సాహిత్య చర్చల్లో “గురువు” అన్న మాట వినగానే చాలామంది ముఖం చిట్లించుకుంటారు. ఆ చిరాకు నిష్కారణమైనది కాదు. శిష్యుని బొటనవేలు దక్షిణగా పుచ్చుకున్న ఆచార్యుని కథ మన ఇతిహాసంలోనే ఉన్నది. కాని చదువు చెప్పేవాని నైతిక బాధ్యత ఏమిటన్న ప్రశ్నను మఠాలకూ పీఠాలకూ వదిలివేసి, మనం జీతాల పట్టికలు మాత్రమే పట్టుకొని కూర్చోవడం చరిత్ర తెలిసినవాళ్లు చేయదగిన పని కాదు. ఇస్లాం చరిత్రలో ఈ ప్రశ్న తీవ్రంగా చర్చకు వచ్చింది. దానికొక సమాధానం మన గోదావరి జిల్లాలోనే, తెలుగు పద్యరూపంలో వెలువడింది.

క్రీ. శ. 624లో బదర్ యుద్ధంలో పట్టుబడిన మక్కావాసుల్లో అక్షరజ్ఞానం ఉన్నవాళ్లు, ధనం చెల్లించలేకపోతే, తలకు పదిమంది చొప్పున మదీనా పిల్లలకు రాత నేర్పి విడుదల కావచ్చునని ముహమ్మదు ప్రవక్త అనుమతించినట్లు సంప్రదాయ చరిత్రలు చెపుతాయి. ఆ గురువులు విశ్వాసులు కారు, నిన్నటి శత్రువులు. అయినా వారి దగ్గర పిల్లలను కూర్చోబెట్టడానికి ఎవరూ వెనుదీయలేదు. చదువుకు అక్కడ కట్టిన వెల మనిషి స్వేచ్ఛ.

నాలుగున్నర శతాబ్దాలు గడిచేసరికి పరిస్థితి మారింది. సెల్జుక్ మంత్రి నిజాముల్ముల్క్ బాగ్దాదులో 1067లో తెరిచిన నిజామియా విద్యాలయంలో గురువుకు జీతం, శిష్యునికి భోజనం, వసతి ఉన్నాయి. వాటి వెనుక రాజ్య ప్రయోజనం ఉన్నది. పాలనకు కావలసిన న్యాయవేత్తలను అక్కడ తయారుచేసుకున్నారు. ఆ విద్యాలయంలో అత్యున్నత ఆచార్యపదవిలో 1091 నుంచి ఉన్న అల్ గజాలీ 1095లో ఆ పదవి వదిలి వెళ్లిపోయాడు. తర్వాత రాసిన మహాగ్రంథం “ఇహ్యా”లోని మొదటి భాగంలో గురువు విధులను వివరించాడు. శిష్యులను కన్నబిడ్డలుగా చూడాలి. బోధకు ప్రతిఫలం, కృతజ్ఞత కోరరాదు. తప్పు చేసినవాణ్ణి నలుగురిలో అవమానించక, సూచనగా మందలించాలి. తాను చెప్పని శాస్త్రాలను శిష్యుల ముందు తక్కువ చేయరాదు. శిష్యునికి అందే మేరకే చెప్పాలి. అన్నిటికీ మించి, చెప్పింది తాను చేయాలి.

ఇవన్నీ మంచి మాటలే, ఎవరైనా చెపుతారు అనవచ్చు. కాని అదే గ్రంథంలో గజాలీ చేసిన మరొక పరిశీలన దగ్గర నేను ఆగిపోయాను. ఎన్నో ఊళ్లలో ముస్లిం వైద్యుడు లేక జనం ఇతర మతస్థుల మీద ఆధారపడుతున్నారు. అయినా పండితులందరూ న్యాయశాస్త్రం మీదికే ఎగబడుతున్నారు. ఎందుకంటే వక్ఫు ఆస్తుల నిర్వహణ, అనాథల సొమ్ముపై అధికారం, ఖాజీ పదవి ఆ మార్గంలోనే దొరుకుతాయి. పదకొండవ శతాబ్దపు మతాచార్యుడు విద్య వెనుక ఉన్న ఆర్థిక ప్రయోజనాన్ని ఇంత సూటిగా పట్టుకోవడం మనం గమనించవలసిన విషయం. అయితే ఆయన చూపిన చికిత్స వ్యక్తి అంతఃకరణను శుద్ధి చేసుకోవడమే గాని, వ్యవస్థను మార్చడం కాదు.

గజాలీ విధుల్లో ఒకదాన్ని ఆయన స్వయంగా ఆచరించి చూపాడు. అరబ్బీ రానివాళ్ల కోసం “కీమియా యె సాదత్”ను పారసీకంలో రాశాడు. శిష్యునికి అర్థం కావాలంటే గురువే శిష్యుని భాషలోకి దిగి రావాలి. మన డెల్టాలో జరిగిన కథ ఇక్కడే మొదలవుతుంది.

గోదావరి తీరానికి ఇస్లాం మొదట వచ్చింది సైన్యంతో. రాజమహేంద్రవరం మసీదులోని 1324 నాటి శాసనం ఉలుగ్ ఖాన్ దండయాత్రకు గుర్తు. సైన్యాలు పోయాయి, పాలకులు మారారు. సూఫీ గురువులు మాత్రం నిలిచారు. పిఠాపురంలోని విశ్వవిజ్ఞాన విద్యా ఆధ్యాత్మిక పీఠం అటువంటిది. దాని ఆరవ పీఠాధిపతి ఉమర్ ఆలీషా గారు 1885లో జన్మించారు. పారసీకం, అరబ్బీ, సంస్కృతం నేర్చిన ఈ మౌల్వీ తన బోధకు తెలుగును ఎన్నుకున్నారు. “సూఫీ వేదాంత దర్శము”, ముహమ్మదు ప్రవక్త చరిత్ర, “అనసూయాదేవి”, “బర్హిణీదేవి”, నాటకాలు, ఖండకావ్యాలు రాశారు. ఉమర్ ఖయ్యాము రుబాయీలను తెనిగించారు. స్త్రీల దుస్థితి మీద, అంటరానితనం మీద పద్యాలు చెప్పారు. 1935 నుంచి 1945లో మరణించే వరకు కేంద్ర శాసనసభలో సభ్యులు.

ముస్లిం అయి ఉండి అనసూయ కథ రాయడమేమిటని మా తరగతిలో ఒక కుర్రవాడు అడిగాడు. తన ముందు కూర్చున్నవాళ్లకు ఏ కథ తెలుసో ఆ కథతోనే మొదలుపెట్టారని చెప్పాను. అతను ఒప్పుకున్నాడో లేదో తెలియదు గాని, ప్రశ్న మాత్రం నన్ను వదలలేదు. ఆ ముందు కూర్చున్నవాళ్లెవరు? చంపకమాలలూ ఉత్పలమాలలూ చేలో ఊడ్పులు ఊడ్చే మనిషికి అందాయా? చదువరిగా అందలేదనే చెప్పాలి. గిడుగువారి వ్యావహారికోద్యమం సాగుతున్న రోజుల్లో ఆయన గ్రాంథిక పద్యాన్నే పట్టుకున్నారు. ఐతే మన జిల్లాల్లో అక్షరం రానివాడు సైతం నాటకంలో రాగం తీసిన పద్యాన్ని “వన్స్ మోర్” అని మళ్లీ పాడించుకునే కాలమది. పద్యాన్ని పుస్తకంతోనే కొలిచి ఆయనను తోసివేయడం న్యాయం కాదు.

అసలు చిక్కు వేరే చోట ఉన్నది. గజాలీ గురువును విధులతో బంధించాడు. సూఫీ సంప్రదాయమో, పీర్ ముందు మురీదు శవంలా పడి ఉండాలన్నది. ఒకటి గురువును ప్రశ్నించడానికి కొలబద్ద ఇస్తుంది, రెండవది ఆ కొలబద్దను శిష్యుని చేతినుంచి లాగివేస్తుంది. పిఠాపురంలో ఈ రెండూ ఒకే ఆసనం మీద కూర్చున్నాయి. కులభేదం కూడదని చెప్పిన బోధకుడు వంశపారంపర్యపు గద్దె మీద నుంచి చెప్పారు. ఉమర్ ఆలీషా గారి తర్వాత పీఠం ఆయన కుమారుడు హుస్సేన్ షా గారికి సంక్రమించింది. నేటి తొమ్మిదవ పీఠాధిపతి కూడా ఆ వంశంవారే. స్త్రీ విముక్తి కోరి పద్యం చెప్పిన కవి తర్వాత ఆ గద్దె ఎక్కిన ముగ్గురూ పురుషులే.