జిరాక్సుల్లో బతికిన పుస్తకం

పాత ప్రోగ్రామింగ్ పుస్తకాల కోసం వేటాడేవాళ్ల జాబితాలో కొన్ని పేర్లు తప్పకుండా ఉంటాయి. కేంబ్రిడ్జిలో ఎడ్‌శాక్ యంత్రం మీద పనిచేసిన విల్క్స్, వీలర్, గిల్ 1951లో తెచ్చిన పుస్తకం వాటిలో పెద్దది. ప్రోగ్రామింగ్ మీద అచ్చయిన తొలి పుస్తకంగా దానికి పేరు. 1968లో వచ్చిన డొనాల్డ్ క్నూత్ మొదటి సంపుటం ఇంకొకటి. 1978 నాటి కెర్నిగన్, రిచీల ‘సి’ పుస్తకం మరొకటి. దీన్ని గుర్తుపట్టడానికి అట్ట చూస్తే చాలు. 1988లో వచ్చిన రెండో కూర్పు మీద ‘ఆన్సీ సి’ అని ఎర్రముద్ర కనిపిస్తుంది, మొదటి కూర్పు మీద కనిపించదు. ఇంజనీరింగ్ కాలేజీల్లో మనవాళ్లు చదువుకున్నది ఎక్కువగా ఆ ఎర్రముద్ర ఉన్నదే.

జాన్ లయన్స్ పుస్తకం సంగతి వేరు. దాదాపు ఇరవై ఏళ్లపాటు అది ఏ దుకాణంలోనూ అమ్మకానికి రాలేదు. చదివినవాళ్లలో చాలామంది దాని అసలు ప్రతిని కళ్లజూడలేదు. వాళ్ల చేతికి వచ్చింది జిరాక్సు, ఆ జిరాక్సుకు తీసిన జిరాక్సు.

లయన్స్ 1937లో పుట్టిన ఆస్ట్రేలియన్. 1972లో సిడ్నీలోని న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయంలో అధ్యాపకుడిగా చేరారు. రెండేళ్లకు అమెరికాలోని బెల్ ల్యాబ్స్ నుంచి కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ తాము తయారుచేసిన యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ గురించి ఒక పరిశోధన వ్యాసం ప్రకటించారు. అది చదివి సిడ్నీవాళ్లు యూనిక్స్ తెప్పించుకున్నారు. బెల్ ల్యాబ్స్ యజమాని అప్పట్లో ఏటీ అండ్ టీ. అమెరికా ప్రభుత్వంతో 1956లో కుదిరిన రాజీ వల్ల ఆ సంస్థ కంప్యూటర్ వ్యాపారంలోకి దిగడానికి వీల్లేకపోయింది. అందుకని విశ్వవిద్యాలయాలకు యూనిక్స్‌ను చవగ్గా, సోర్స్ కోడ్‌తో సహా ఇచ్చేసేది. ఆపైన ఎవరి తిప్పలు వాళ్లవి. ఏదైనా చెడితే ఫోన్ చేసి అడిగే దిక్కు లేదు.

ఆ కోడ్‌నే పాఠంగా చెప్పాలని లయన్స్ నిశ్చయించుకున్నారు. అప్పటిదాకా ఆపరేటింగ్ సిస్టమ్ పాఠమంటే బొమ్మలు, సిద్ధాంతాలు. నిజంగా పనిచేసే ప్రోగ్రాముని మొదటి లైను నుంచి చివరిదాకా చదివించడం అరుదు. యూనిక్స్ ఆరో కూర్పు గుండెకాయలాంటి భాగం సుమారు 9,000 లైన్లే. ఒక విద్యార్థి పట్టుదలగా కూర్చుంటే పూర్తిచేయగలిగినంత. ఆ లెక్కే పుస్తకానికి ప్రాణం పోసింది. 1977లో అది రెండు భాగాలుగా తయారైంది. ఒకదానిలో మొత్తం కోడ్, రెండోదానిలో దానికి లయన్స్ వ్యాఖ్యానం. ఒకటి ఎర్ర అట్టతో, ఒకటి నారింజరంగు అట్టతో. మూలం పక్కన వ్యాఖ్యానం పెట్టుకుని చదవడం మన కావ్యపాఠకులకు తరతరాల అలవాటు. కంప్యూటర్ లోకానికి మాత్రం అదో కొత్త దారి.

కోడ్ పుస్తకాన్ని విప్పి చూస్తే ఎంత ఆలోచించి పేర్చారో తెలుస్తుంది. పేజీకి రెండు నిలువు వరసలు, వరసకు 50 లైన్లు. ప్రతి లైనుకీ నాలుగంకెల నంబరు. అందులో మొదటి రెండంకెలు పేజీనే చెబుతాయి. వ్యాఖ్యానంలో ‘2238’ అని కనిపిస్తే 22వ పేజీ తీస్తే సరి. ఆ 2238వ లైను దగ్గర చాలామంది ఆగిపోయారు. నడుస్తున్న ప్రోగ్రాముని పక్కన పెట్టి, యంత్రాన్ని మరో ప్రోగ్రాముకు అప్పగించే చోటు అది. ఇది మీకు అర్థం కావాలని మేం ఆశించడం లేదు అన్న అర్థంలో కోడ్ రాసినవాళ్లే అక్కడ చిన్న వ్యాఖ్య పెట్టారు. పరీక్షలో ఇది అడగరులెండి అన్న ధోరణిలో రాశామే తప్ప సవాలుగా కాదని, ఆ చోట తమకే పూర్తి స్పష్టత లేకపోయిందని రిచీ ఆ తర్వాత ఒప్పుకున్నారు. అంత నిజాయితీ ఉన్న కోడ్ కాబట్టే కుర్రవాళ్లు దాని మీద మనసు పారేసుకున్నారు.

1979లో చిక్కు వచ్చిపడింది. యూనిక్స్ ఏడో కూర్పుతో పాటు వచ్చిన లైసెన్సు, కోడ్‌ను తరగతిలో పాఠంగా చెప్పకూడదంది. లైసెన్సు ఉన్నవాళ్లు తప్ప మిగతావాళ్లు లయన్స్ పుస్తకాన్ని దగ్గర పెట్టుకోవడం ఎలాగూ తప్పే. దాంతో జిరాక్సు యంత్రాలకు రాత్రిపూట పని పడింది. కాపీకి కాపీ తీసేకొద్దీ అక్షరాలు లావెక్కి, అంచులు పక్కకు జరిగి, చుక్కలు అలుక్కుపోతాయి. కథల పుస్తకమైతే పర్వాలేదు, ఊహించి చదువుకోవచ్చు. ‘సి’ కోడ్‌లో సెమీకోలన్‌కూ కోలన్‌కూ, కామాకూ చుక్కకూ మధ్య ప్రోగ్రామే మారిపోతుంది. అలాంటి ప్రతుల మీదే ఒక తరం ప్రోగ్రామర్లు పని నేర్చుకున్నారు. అందుకే అట్టల రంగు ఆనవాలు కూడా లేని ఆ నల్లమసి కాగితాల కట్టను అసలు ప్రతితో సమానంగా దాచుకోవలసిందే.

నిషేధం ఒక మేలూ చేసింది. పాఠం చెప్పడానికి యూనిక్స్ కోడ్ చేతికి రాకపోయేసరికి ఆమ్‌స్టర్‌డామ్‌లో ఆండ్రూ టానెన్‌బామ్ సొంతంగా మినిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ రాసి 1987లో పుస్తకంతో పాటు విడుదల చేశారు. దాన్ని కొనుక్కుని చదివిన హెల్సింకీ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ 1991లో లినక్స్ మొదలుపెట్టాడు.

యూనిక్స్ హక్కులు చేతులు మారి చివరికి శాంటాక్రజ్ ఆపరేషన్ అనే సంస్థకు చేరాక అనుమతి దొరికింది. 1996లో లయన్స్ పుస్తకం రెండు భాగాలూ ఒకే సంపుటంగా, బహిరంగంగా అచ్చయింది. వెనక అట్ట మీద చాటుగా జిరాక్సు తీసుకుంటున్నవాళ్ల బొమ్మ వేశారు. లయన్స్ దాన్ని చూడగలిగారు. 1998 డిసెంబరులో కన్నుమూశారు.

2002లో అమెరికాలోని ఎంఐటీ తన ఆపరేటింగ్ సిస్టమ్ పాఠాన్ని ఈ పుస్తకంతోనే మొదలుపెట్టింది. అందులోని కోడ్ నడిచే పీడీపీ-11 అప్పటికి బాగా పాతబడిన యంత్రం. కొత్త యంత్రాలకు తగ్గట్టు అధ్యాపకులు 2006లో ఎక్స్‌వీ6 అని ఒక చిన్న యూనిక్స్‌ను తిరగరాశారు. దాని కోడ్‌ను అచ్చు తీసుకుంటే పేజీకి రెండు వరసలు, వరసకు 50 లైన్లు, ప్రతి లైనుకీ నాలుగంకెల నంబరు.