వీధి అమ్మకందారుల కేకలు

తలమీద గంపతోనో, సైకిల్‌పైనో, తోపుడుబండితోనో సరుకు అమ్ముకునేవారు కొనేవారిని పిలవడానికి రాగం తీసి వేసే కేకలివి. మౌఖిక సంప్రదాయంలో ఒక భాగం.

నిర్మాణం: సరుకు పేరును రెండుసార్లు పలికి, మధ్య ‘అమ్మా’ లేదా ‘ఓయ్’ చేర్చి, చివరి అచ్చును సాగదీయడం సాధారణ పద్ధతి: ‘పాలమ్మా పాలూ…’, ‘ఉప్పోయ్ ఉప్పూ…’. దూరానికి హల్లులు సరిగా వినిపించవు, సాగిన అచ్చు మాత్రం వినిపిస్తుంది. అందుకే వంటింట్లో ఉన్న ఇల్లాలు మాట తెలియకముందే రాగాన్నిబట్టి మనిషిని గుర్తుపడుతుంది. పీచుమిఠాయి అమ్మేవారు కేకకు బదులు గంట వాయిస్తారు.

ప్రాంతం: ఆంధ్రప్రదేశ్‌లోని కలికిరి, మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతం కర్ణాటక, తమిళనాడు సరిహద్దులకు దగ్గర. అందుకే కుప్పం వైపు వీధుల్లో తెలుగుతోపాటు తమిళం, కన్నడం కూడా వినిపిస్తాయి. టమాటా మార్కెట్‌కు పేరుపొందిన మదనపల్లెలో మండీ వేలంపాట మరో రకం కేక: అక్కడ రాగం తక్కువ, వేగం ఎక్కువ.

మార్పు: మిక్సీలు, గ్రైండర్లు వచ్చాక రోళ్లకు కక్కు కొట్టేవారి కేక, స్టీలు గిన్నెలు వచ్చాక కళాయి పోసేవారి కేక అరుదయ్యాయి. ముందే రికార్డు చేసిన కేకను వినిపించే మైకు, గొంతుకు అలసట తగ్గించింది గానీ, మనిషికొక రాగమనే ప్రత్యేకతను చెరిపేసింది. వీధి వ్యాపారుల జీవనోపాధికి 2014 చట్టం రక్షణనిచ్చింది. వారి కేకలను కూడా రికార్డు చేసి భద్రపరచడం అవసరం.

ఇతర దేశాల్లో: క్యూబాలో ఇలాంటి కేకను ‘ప్రెగోన్’ అంటారు. వేరుశనగల అమ్మకందారు కేక ఆధారంగా అక్కడి సంగీతకర్త మొయిసెస్ సిమొన్స్ కూర్చిన ‘ఎల్ మానిసెరో’ పాట 1930 దశకంలో ప్రపంచ ప్రసిద్ధి పొందింది.