కౌండిన్య అడవిలో రాత్రి నడక

కుప్పం, పుంగనూరు ప్రాంతాల్లో ఉద్యోగం చేసిన మన సభ్యులకు కౌండిన్య అడవి కొత్త కాదు. తరతరాలుగా ఏనుగులు లేని ఈ అడవికి 1980 దశకంలో తమిళనాడు, కర్ణాటకల నుండి మందలు వలస వచ్చాయి. 1990లో ప్రభుత్వం దీనిని అభయారణ్యంగా ప్రకటించింది. విస్తీర్ణం సుమారు 357 చదరపు కిలోమీటర్లు.

పొద్దుమునిగితే మందలు కందకాలు, సోలార్ కంచెలు దాటి చెరకు, వరి పొలాల మీద పడతాయి. ఆ వేళ అడవిలో అడుగుపెట్టేది ఎంతటి అధికారియైనా దారి చూపేది ట్రాకరే. అడుగుజాడలు, లద్దె, కొమ్మలు విరిగే చప్పుడే అతనికి గుర్తులు. ఈ పోరులో మనుషులూ పోయారు, కరెంటు తీగలు తగిలి ఏనుగులూ పోయాయి.

2025లో కర్ణాటక కుంకీ ఏనుగులను ఇచ్చింది. అభయారణ్య చరిత్ర వ్రాసేవారు ఉత్తర్వుల తేదీలతో పాటు, చీకట్లో ముందు నడిచిన ఈ చిరుద్యోగులనూ పేర్కొనడం న్యాయం.